పాత చిన్న ట్రాక్టర్ తీసేసి కొత్తది కొంటున్నారా? ఏం కొలవాలి, ఏం అడగాలి, ఎలా నడిపి చూడాలి

"ఎన్ని హెచ్‌పీ తీసుకోమంటారు?" చిన్న ట్రాక్టర్ మార్చాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఇదే. ఒక్క అంకెతో దీనికి జవాబు చెప్పలేం. బోనెట్ మీద రాసింది చూసి కొన్నవాళ్లకు తర్వాత వచ్చే తిప్పలు చాలావరకు ఇంజిన్‌వి కావు. షెడ్డు గుమ్మంలో బండి పట్టదు. పాత రోటావేటర్ లేపగానే ముందు చక్రాలు తేలిపోతాయి. ఇంజిన్ శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు పొడవైపోతుంది. అందుకే ఇక్కడ వరసను తిరగేశాం. ముందు మీ పనిముట్లు, తర్వాత మీ చోటు, ఆ తర్వాతే ట్రాక్టర్. చిన్న ట్రాక్టర్ అని ఇక్కడ అంటున్నది సుమారు 15 నుంచి 40 హెచ్‌పీ వరకు ఉన్న బండిని.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- 5 మీటర్ల టేపు. పిన్నుల మందం కొలవడానికి వెర్నియర్ ఉంటే ఇంకా మంచిది
- చాక్‌పీసు, నోటుపుస్తకం
- పాత ట్రాక్టర్ మాన్యువల్, గంటల మీటరు రీడింగు
- ఒక్కో పనిముట్టు మీదున్న రేకు ఫొటో (బరువు, కావాల్సిన హెచ్‌పీ, పీటీఓ వేగం దాని మీదే ఉంటాయి)
- రేకు చెరిగిపోయిన పనిముట్టుకు తూకం చీటీ
- షోరూముకు వెళ్లే రోజు మీరు పనిలో తొడుక్కునే బూట్లు. క్లచ్ బరువు చెప్పుల్లో ఒకలా, బూట్లలో ఒకలా ఉంటుంది

1. పాతదాన్ని నిజంగా మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి

ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. పొగ బుస్సుబుస్సున కొడుతుంటే రింగులు, లైనర్లు అరిగాయని అర్థం. సైలెన్సర్‌లో నీలం పొగ ఉంటే ఆయిల్ కాలుతోంది. లోడు పడ్డప్పుడు మాత్రమే నల్లపొగ వస్తుంటే ఇంజిన్ పోయిందని అనుకోకండి. అది మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కావచ్చు, నాజిళ్లు కావచ్చు. ఆ మాత్రం దానికి బండి మార్చడం దండగ.

తర్వాత పనిముట్టు లేపి, ఇంజిన్ ఆపి, కింది లింకు (పనిముట్టును లేపే రెండు కింది చేతుల్లో ఒకటి) పిన్ను నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. పది నిమిషాలాగి మళ్లీ కొలవండి. బాగా దిగిపోతే లిఫ్టు సిలిండర్ సీలో, వాల్వో పోయినట్టు. ఇదీ బాగుచేయించుకోగలిగేదే. కొలిచేటప్పుడు పనిముట్టు కింద చేయీ కాలూ పెట్టకండి.

ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సు మూడూ ఒకేసారి పని అడుగుతుంటే, లేదా విడిభాగాలు దొరకడమే కష్టమైపోతే మార్చండి. మరమ్మతు ఖర్చు, బండి ఇప్పుడు అమ్మితే వచ్చే ధరలో సగం దాటుతుంటే కూడా మార్చడమే నయం.

2. ఏడాదిలో చేసే పనుల పట్టిక రాయండి

గుర్తున్నంత వరకు చాలు. ఏ పని, ఏ పనిముట్టుతో, ఏడాదికి ఎన్ని గంటలు. చాలామందికి ఈ కాగితం చూశాకే అసలు సంగతి తెలుస్తుంది. ఏడాదికి నాలుగు రోజులు చేసే లోతు దుక్కి కోసం పెద్ద బండి చూస్తుంటారు. మిగతా రోజులన్నీ సాళ్ల మధ్య కలుపు తీయడం, మందు కొట్టడం, ట్రాలీ లాగడం. ఆ నాలుగు రోజులకు కిరాయి బండి పెట్టుకుంటే ఒక సైజు తక్కువది సరిపోతుంది.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఆ నాలుగు రోజుల్లోనే అందరికీ కిరాయి బండి కావాలి. అదును తప్పితే పంటే తప్పే పని అయితే దాన్ని సొంత బండితో చేయడానికే లెక్క వేసుకోండి.

3. పనిముట్లను కొలవండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

*పిన్నుల మందం.* పనిముట్టును రెండు కింది లింకులతో, పైన ఒక టాప్ లింకుతో పట్టుకునే మూడు పాయింట్ల హిచ్‌కు ఐఎస్ఓ 730 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తరగతులున్నాయి. ఒకటో తరగతిలో కింది లింకు పిన్ను 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ. రెండో తరగతిలో అవి 28, 25 మి.మీ. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ భాగం ఒకటో తరగతివే. బాగా చిన్న బండ్లలో 1ఎన్ అనే సన్న రకం ఉంటుంది. దాంట్లో పిన్నుల మందం ఒకటో తరగతిదే అయినా రెండు కింది లింకుల మధ్య దూరం తక్కువ, 40 సెం.మీ. మాత్రమే. మామూలు ఒకటో తరగతిలో అది 68 సెం.మీ. పిన్ను సన్నమైతే బుష్ వేసి సర్దుకోవచ్చు. వెడల్పు తేడాను మాత్రం బుష్ సరిచేయదు, పనిముట్టు ఫ్రేమే మార్చాలి.

*పీటీఓ మూతి.* 35 మి.మీ. (అంగుళమూ మూడెనిమిదోవంతు) షాఫ్టు మీద 6 పళ్లుంటే అది 540 ఆర్‌పీఎమ్‌ది. అదే మందంలో 21 పళ్లుంటే 1,000 ఆర్‌పీఎమ్‌ది. చిన్న పనిముట్లన్నీ దాదాపు 540వే. కొన్ని బండ్లలో 540ఈ అని ఇంకో మీట ఉంటుంది. ఇంజిన్ తక్కువ వేగంలో తిరుగుతుండగానే పీటీఓకు 540 ఇస్తుంది. మందు కొట్టడం లాంటి తేలిక పనికి డీజిల్ మిగులుతుంది. రోటావేటర్‌కు అది వాడకండి, ఆ వేగంలో ఇంజిన్ పూర్తి శక్తి ఇవ్వదు.

*కావాల్సిన శక్తి.* రేకు మీద లేకపోతే ఈ అంచనాతో మొదలుపెట్టండి. రోటావేటర్‌కు ఒక్కో అడుగు వెడల్పుకు తేలిక నేలలో 5 నుంచి 6 పీటీఓ హెచ్‌పీ, బరువైన నల్లరేగడిలో 7 నుంచి 8. గడ్డి, పొదలు కొట్టే స్లాషర్‌కు అడుగుకు 5. నాలుగు అడుగుల రోటావేటర్ నల్లరేగడిలో తిరగాలంటే 28 నుంచి 32 పీటీఓ హెచ్‌పీ కావాలన్నమాట. లోతు పెరిగినా, నేల గట్టిబడినా లెక్క ఇంకా పెరుగుతుంది.

*ఎదురు జాగ్రత్త.* కొత్త బండి పాతదానికన్నా బాగా బలమైనదైతే పాత పనిముట్టు గేర్‌బాక్సు దాన్ని తట్టుకోగలదా అన్నది రేకు మీద చూడండి. రాయి తగిలినప్పుడు పాత ఇంజిన్ ఆగిపోయి గేర్‌బాక్సును కాపాడేది. కొత్త ఇంజిన్ ఆగదు, పళ్లే విరుగుతాయి. షాఫ్టులో సరైన గ్రేడు షియర్ బోల్టు (లోడు మితిమీరితే ముందు తానే తెగి గేర్‌బాక్సును కాపాడేది) ఉండాలి. అది తరచూ తెగుతోందని గట్టి బోల్టు బిగించడమంత ఖరీదైన పొదుపు ఇంకోటి లేదు.

4. చోటు కొలవండి

షెడ్డు గుమ్మం ఎత్తు, గేటు వెడల్పు, కొమ్మల కింద ఎత్తు, అన్నిటికన్నా ఇరుకైన సాలు, సాలు చివర తిరిగే జాగా. ఈ అయిదూ రాసుకోండి. బండి పల్టీ కొడితే మనిషిని కాపాడే ఆర్‌ఓపీఎస్ అనే వెనక ఇనుప చట్రం నిలబెట్టినప్పటి ఎత్తునే లెక్కలోకి తీసుకోండి. మడిచిన ఎత్తు కాదు.

బండి వెడల్పు అంటే చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు. బ్రోషర్లలో తరచూ కనిపించే 'ట్రాక్' అంకె అది కాదు. ట్రాక్ అంటే రెండు టైర్ల మధ్యగీతల దూరం. దానికి ఒక టైరు వెడల్పు కలిపితేనే బయటి వెడల్పు వస్తుంది. పైరుకు, టైరుకు మధ్య రెండు పక్కలా కనీసం జానెడైనా ఖాళీ లేకపోతే మలుపులో వేర్లూ కొమ్మలూ నలుగుతాయి. సాళ్ల మధ్య 1.5 మీటర్లుంటే బయటి వెడల్పు 1.1 మీటరు దాటని బండి చూడండి.

5. బ్రోషర్ చదవడం నేర్చుకోండి

బోనెట్ మీది హెచ్‌పీ ఇంజిన్‌ది. పనిముట్టుకు చేరేది పీటీఓ హెచ్‌పీ. ఇది సాధారణంగా 10 నుంచి 20 శాతం తక్కువ ఉంటుంది, హైడ్రోస్టాటిక్ (గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో కదిలే) బండ్లలో ఇంకాస్త తక్కువ. మూడో మెట్టులో వేసిన లెక్క పీటీఓది కాబట్టి ఈ అంకెతోనే పోల్చండి. బ్రోషర్‌లో లేకపోతే ఓఈసీడీ కోడ్ 2 అనే అంతర్జాతీయ ట్రాక్టర్ పరీక్ష నివేదిక ఉందా అని అడగండి. అది ఉన్న మోడల్‌కు పీటీఓ శక్తి, డీజిల్ వాడకం, లిఫ్టు బలం కొలిచి రాసిన అంకెలు దొరుకుతాయి.

హెచ్‌పీ పక్కనే టార్క్ బ్యాకప్ శాతం చూడండి. లోడు పడి ఆర్‌పీఎమ్ తగ్గుతున్నప్పుడు ఇంజిన్ ఎంత పుంజుకుంటుందో చెప్పేది అదే. ఒకే హెచ్‌పీ ఉన్న రెండు బండ్లలో 15 శాతం ఉన్నది గట్టి నేల తగలగానే ముక్కుతుంది. 30 శాతం ఉన్నది అదే గేరులో దాటిపోతుంది.

ఇంకో సంగతి. చాలా కంపెనీల మోడళ్లు సరిగ్గా 25 హెచ్‌పీకి కాస్త ఇవతల ఆగిపోవడం గమనించే ఉంటారు. అమెరికా, యూరప్ ఉద్గార నిబంధనల్లో 19 కిలోవాట్లు (సుమారు 25 హెచ్‌పీ) ఒక హద్దు. ఆ హద్దు దాటి, అక్కడి నిబంధనలకు తయారైన ఇంజిన్లలో ఎక్కువ వాటికి డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అందులో పట్టిన మసిని బండి మధ్యమధ్యలో కాల్చుకోవాలి. రోజుకు పది నిమిషాలు తిప్పి ఆపేసే వాడకానికి ఇది తలనొప్పి. మీరు చూస్తున్న బండికి డీపీఎఫ్ ఉందా, ఉంటే కాల్చే పని దానంతట అదే చేసుకుంటుందా అన్నది అడిగి తెలుసుకోండి.

6. లిఫ్టు బలం, ముందు బరువు: ఈ ఒక్క లెక్క కాగితం మీద వేయండి

లిఫ్టు సామర్థ్యాన్ని రెండు చోట్ల కొలుస్తారు. ఒకటి కింది లింకుల చివర, రెండోది అక్కడి నుంచి 610 మి.మీ. వెనక. మొదటి అంకె పెద్దగా ఉంటుంది కాబట్టి ప్రచారంలో అదే కనిపిస్తుంది. పనిముట్టు బరువు మాత్రం వెనక్కే వేలాడుతుంది. అందుకే 610 మి.మీ. దగ్గరి అంకె తీసుకుని, మీ బరువైన పనిముట్టుకన్నా అది కనీసం మూడో వంతు ఎక్కువ ఉండేలా చూడండి.

లిఫ్టు లేపగలిగినంత మాత్రాన సరిపోదు. ముందు చక్రాలు నేలను పట్టుకుని ఉండాలి. పనిముట్టు లేపినప్పుడు ముందు ఇరుసు మీద ట్రాక్టర్ ఖాళీ బరువులో కనీసం 20 శాతం మిగలాలి. ఒక ఉదాహరణ చూద్దాం.

- ట్రాక్టర్ బరువు 900 కేజీలు, అందులో ముందు ఇరుసు మీద 360
- ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 1.55 మీటర్లు
- రోటావేటర్ 280 కేజీలు, దాని బరువు మధ్య బిందువు వెనక ఇరుసుకు 1.35 మీటర్ల వెనక

రోటావేటర్ లేపితే ముందు ఇరుసు మీద తగ్గే బరువు: 280 × 1.35 ÷ 1.55 = సుమారు 244 కేజీలు. మిగిలేది 116. ఉండాల్సింది 900లో 20 శాతం, అంటే 180. తక్కువపడింది 64 కేజీలు. బంపర్ బరువులు ముందు ఇరుసుకు 60 సెం.మీ. ముందు వేలాడతాయి కాబట్టి వాటి ప్రభావం దాదాపు 1.39 రెట్లు. 64ను 1.39తో భాగిస్తే 46 కేజీలు. ముందు 50 కేజీల బరువులు వేస్తే చాలు. ఆ బరువులు ధరలో ఉన్నాయా, బంపర్ వాటిని మోస్తుందా అన్నది కొనకముందే అడగాలి.

లెక్క మీద నమ్మకం లేకపోతే వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి, పనిముట్టు లేపి తూకం వేయించండి.

ముందు లోడర్ పెట్టుకునేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. బకెట్ నిండితే వెనక చక్రాలు తేలికవుతాయి, బ్రేకులు సాధారణంగా వెనక చక్రాలకే ఉంటాయి. కాబట్టి వెనక బరువు లేకుండా లోడర్ వాడకండి. వాలులో దిగేటప్పుడు 4 వీల్ డ్రైవ్ వేసే ఉంచండి, ముందు చక్రాలు కూడా బండిని ఆపడంలో సాయపడతాయి.

7. గేర్లు, క్లచ్, డ్రైవ్ ఎంచుకోండి

*గేర్లా, హైడ్రోస్టాటికా?* ముందుకూ వెనక్కూ పదేపదే తిరిగే పనులకు, లోడర్‌కు, గడ్డి కోతకు హైడ్రోస్టాటిక్ హాయి. పెడల్ తొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. గంటల తరబడి దుక్కి దున్నడానికి, ట్రాలీ లాగడానికి గేర్ల బండి మేలు. శక్తి తక్కువ వృథా అవుతుంది, మరమ్మతూ తేలిక. మధ్యేమార్గంగా షటిల్ మీట (ముందుకూ వెనక్కూ ఒక్క మీటతో మార్చేది) ఉన్న గేర్ల బండి చూడండి.

*నెమ్మది గేరు.* రోటావేటర్‌కు, నాట్లు వేసే యంత్రానికి గంటకు 2 కిలోమీటర్లకన్నా తక్కువ వేగం కావాల్సి వస్తుంది, అదీ ఇంజిన్ పూర్తి ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుండగా. గేర్ల పట్టికలో మొట్టమొదటి అంకె చూడండి. మొత్తం గేర్లెన్ని అన్నదానికన్నా గంటకు 1 నుంచి 6 కిలోమీటర్ల మధ్య ఎన్నున్నాయన్నది ముఖ్యం.

*క్లచ్.* సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే పీటీఓ కూడా ఆగిపోతుంది. డబుల్ క్లచ్‌లో సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. విడి మీటతో నడిచే స్వతంత్ర పీటీఓ అన్నిటికన్నా మేలు. సింగిల్ క్లచ్ బండికి స్లాషర్ తగిలిస్తే ఒక ప్రమాదం ఉంది. మీరు క్లచ్ తొక్కినా బ్లేడ్ల ఊపు గేర్‌బాక్సును తిప్పి బండిని ముందుకు తోస్తుంది. ఒకవైపు మాత్రమే తిరిగే ఓవర్‌రన్ కప్లర్ తప్పకుండా పెట్టించండి.

*2 వీలా, 4 వీలా?* ఎండు నేల, చదును, తేలిక పనులైతే 2 వీల్ చాలు. అది ఇరుకులో బాగా తిరుగుతుంది, చూసుకోవాల్సిన భాగాలూ తక్కువ. దమ్ము, బురద, వాలు, లోడర్ ఉంటే 4 వీల్. దీన్ని గట్టి రోడ్డు మీద వేసి నడపకండి. ముందు చక్రాలు వెనకవాటికన్నా కాస్త వేగంగా తిరిగేలా గేర్లు ఉంటాయి. మెత్తటి నేలలో ఆ తేడా జారిపోతుంది, రోడ్డు మీద జారడానికి వీలుండదు కాబట్టి టైర్లూ ముందు ఇరుసు గేర్లూ నలుగుతాయి. ఇదే కారణంగా 4 వీల్ బండికి తోచిన సైజు టైర్లు వేయకూడదు. మార్చాలంటే ముందు, వెనక జతగానే, కంపెనీ ఇచ్చిన సైజుల్లోనే.

*టైర్లు.* ఆర్-1 మామూలు పొలానికి, ఆర్-2 లోతు బురదకు, ఆర్-3 పచ్చిక చెడకుండా ఉండటానికి, ఆర్-4 గట్టి నేలకూ లోడర్ పనికీ.

8. సర్వీసు సంగతి కౌంటర్ దగ్గర తేల్చుకోండి

అమ్మే మనిషిని కాదు, విడిభాగాల కౌంటర్లో మనిషిని అడగండి. ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, హైడ్రాలిక్ ఫిల్టర్, క్లచ్ ప్లేటు, ముందు ఇరుసు ఆయిల్ సీల్. ఈ అయిదూ ఇవాళ బీరువాలో ఉన్నాయా, ధర ఎంత? మూడు లేవంటే ఆ మోడల్‌ను వదిలేయండి, బండి ఎంత బాగున్నా సరే. వారంటీ ఏళ్లలోనూ గంటల్లోనూ ఉంటుంది, ఏది ముందు పూర్తయితే అప్పటితో సరి. ఏడాదికి మీరు తిప్పే గంటలతో పోల్చి చూసుకోండి.

9. నడిపి చూడండి, మీ పనిముట్టుతోనే

షోరూము ముందు రెండు చుట్లు తిప్పితే ఏమీ తెలియదు. మీ రోటావేటర్ తగిలించి, మీలాంటి నేలలో కనీసం అరగంట నడపనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో చోట చూడండి.

చూడాల్సిన వరస ఇది:

1. ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లండి. బోనెట్ మీద చెయ్యి పెట్టండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే చల్లగా స్టార్ట్ కావడం ఎలా ఉందో చూసే అవకాశం పోయినట్టే, ఇంకో రోజు రండి.
2. సీటులో కూర్చుని, వీపు ఆనించి, క్లచ్ పూర్తిగా తొక్కండి. నడుము ముందుకు జారితే సాయంత్రానికి మోకాలు పట్టేస్తుంది. తల తిప్పి కింది లింకులు కనిపిస్తున్నాయా చూడండి.
3. 540 వచ్చే ఆర్‌పీఎమ్ దగ్గర థ్రాటిల్ పెట్టి ఆ అంకె రాసుకోండి. రోటావేటర్‌ను మీరు మామూలుగా పెట్టే లోతుకు దించండి. ఆర్‌పీఎమ్ 10 నుంచి 15 శాతం లోపు తగ్గి నిలబడితే సరిపోయినట్టు. 2,400 దగ్గర మొదలైతే 2,050 దాకా అన్నమాట. ఇంకా పడిపోతుంటే ఒక గేరు తగ్గించండి. అట్టడుగు గేరులో కూడా నల్లపొగ కక్కుతూ దిగజారుతుంటే ఆ బండి మీ పనిముట్టుకు చాలదు.
4. సాలు చివర స్టీరింగ్ తిప్పుతూనే లిఫ్టు లేపండి. స్టీరింగ్ బిగుసుకుపోయినా, లిఫ్టు ఆగి ఆగి లేచినా హైడ్రాలిక్ పంపు ప్రవాహం చాలడం లేదని అర్థం. బ్రోషర్లో స్టీరింగ్ పంపునూ లిఫ్టు పంపునూ కలిపి ఒకే పెద్ద అంకెగా చూపించే అలవాటుంది. మీకు కావాల్సింది లిఫ్టుకూ బయటి వాల్వులకూ విడిగా అందేది.
5. డ్రాఫ్టు కంట్రోల్ (లాగే బరువు పెరిగితే పనిముట్టును దానంతట అదే కాస్త లేపేది) ఉంటే నాగలి తగిలించి గట్టి పట్టులోకి నడపండి. నాగలి కాస్త లేచి మళ్లీ అదే లోతుకు దిగాలి. చక్రాలు గిరగిర తిరుగుతూ నిలబడిపోతే సర్దుబాటు తప్పింది.
6. ట్రాలీ లాగేవాళ్లు లోడు ట్రాలీతో వాలు దిగి చూడాల్సిందే. ఎంత లాగుతుందన్న దానికన్నా ఎంతలో ఆగుతుందన్నదే చిన్న బండికి అసలు పరీక్ష. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వేసి ఉంచండి. ఒక్క పెడలే తొక్కుకుంటే బండి పల్టీ కొడుతుంది.
7. ఆపాక బోనెట్ ఎత్తి రేడియేటర్ జాలీ, ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ గేజ్ స్పానర్లు లేకుండా చేత్తో అందుతున్నాయా చూడండి. రోజూ చూసుకోవాల్సినవి అందకపోతే రోజూ చూసుకోరు.

చట్రం, సీటు బెల్టు గురించి ఒక్క మాట. చట్రం నిలబెట్టి ఉంటే బెల్టు పెట్టుకోవాలి. కొమ్మల కింద చట్రం మడవాల్సి వస్తే, మడిచినంతసేపు బెల్టు తీసేయాలి. చట్రం లేని బండి పల్టీ కొడితే బెల్టు మిమ్మల్ని దాని కిందే కట్టేస్తుంది.

10. పాత పీటీఓ షాఫ్టు కొత్త బండికి సరిపోతుందా?

ఇది ఎక్కువమంది మరిచిపోయే మెట్టు. ప్రతి మోడల్‌లో పీటీఓ మూతికీ లింకు చివరకూ మధ్య దూరం వేరు. షాఫ్టు పొడవైతే పనిముట్టు లేపినప్పుడు రెండు గొట్టాలూ ఒకదానిలో ఒకటి పూర్తిగా దూరి, ఇక దారి లేక ట్రాక్టర్ పీటీఓ బేరింగునూ పనిముట్టు గేర్‌బాక్సునూ పొడుస్తాయి. పొట్టిదైతే పని మధ్యలో ఊడి కొరడాలా తిరుగుతుంది.

ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. పనిముట్టు కింద చెక్క దిమ్మలు పెట్టండి. తర్వాత:

- షాఫ్టును రెండుగా విడదీసి ఒక సగం ట్రాక్టర్‌కు, ఒక సగం పనిముట్టుకు తగిలించండి.
- లిఫ్టును కింది నుంచి పై దాకా కదిలిస్తూ రెండు మూతులూ అతి దగ్గరయ్యే ఎత్తు పట్టుకోండి. తరచూ అది షాఫ్టు సూటిగా, నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు వస్తుంది. మళ్లీ ఇంజిన్ ఆపి, ఆ ఎత్తులో దిమ్మలు సర్దండి.
- రెండు సగాలనూ పక్కపక్కన ఆనించి చూడండి. ఈ అతి దగ్గర స్థితిలోనూ ఒక్కో గొట్టం చివర కనీసం 25 మి.మీ. ఖాళీ మిగలాలి. లేకపోతే చాక్‌తో గీత పెట్టండి.
- లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండింటి ప్లాస్టిక్ తొడుగులు, నాలుగూ సమానంగా కోయండి.
- అంచులు ఆకురాయితో నునుపు చేసి, రజను తుడిచి, గ్రీజు రాసి కలపండి.
- పనిలో అతి దూరం జరిగినప్పుడు కూడా గొట్టాలు కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. అంత లేకపోతే కొత్త షాఫ్టు కొనండి, అతికించకండి.

ఒకే షాఫ్టును పాత బండికీ కొత్త బండికీ వాడాలనుకుంటే కోయకముందు రెండింటి మీదా కొలవండి. కోశాక వెనక్కి తిరిగి రాదు. తొడుగు, దాన్ని తిరగకుండా పట్టుకునే గొలుసు పాడై ఉంటే అప్పుడే మార్చేయండి.

11. బేరం, కాగితాలు

కొత్త బండి ధర ఒక కాగితం మీద, పాత బండికి ఇచ్చే ధర ఇంకో కాగితం మీద రాయించుకోండి. రెండూ కలిపి 'ఇంత ఇస్తే చాలు' అంటే ఎక్కడ తగ్గించారో, ఎక్కడ పెంచారో తెలియదు. పాతదాన్ని విడిగా అమ్మితే ఎంత వస్తుందో ముందే కనుక్కుని వెళ్లండి. టాప్ లింకు, హిచ్, డ్రాబార్, ముందు బరువులు, టూల్ కిట్టు, మొదటి సర్వీసు ధరలో ఉన్నాయా లేదా అన్నది ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించాలి. 'అన్నీ ఇస్తాం' అన్న మాట రసీదులో కనిపించదు.

12. బండి దించుకునే రోజు, మొదటి 50 గంటలు

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితాలతో అంకె అంకె పోల్చండి. గంటల మీటరు రీడింగు రాసి సంతకం పెట్టించుకోండి. టైరు పక్క తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటే మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. 1424 అంటే 2024లో 14వ వారం. 'కొత్త' బండి ఎన్నాళ్లుగా ఎండలో నిలబడిందో అది చెబుతుంది. రవాణాలో టైర్లకు గాలి ఎక్కువ కొట్టి పంపుతుంటారు, మాన్యువల్ ప్రకారం తగ్గించుకోండి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు, ముందు ఇరుసు ఆయిల్ మీరే గేజ్ తీసి చూడండి.

మొదటి రోజే నిండు లోడు వేయకండి. అలాగని ఐడ్లింగ్‌లో గంటల తరబడి వదిలేయడమూ తప్పే, రింగులు లైనర్లకు సరిగా కుదురుకోవు. తేలికగా, మధ్యస్థంగా, లోడు మారుస్తూ నడపండి. చక్రాల నట్లు మొదటి రోజు పని అయ్యాక ఒకసారి, 10 గంటలకు ఇంకోసారి మాన్యువల్లో చెప్పిన టార్కుకు బిగించండి. 50 గంటల దగ్గర చేసే మొదటి సర్వీసులో ఆయిల్, ఫిల్టర్లు మార్చడం చాలా బండ్లకు తప్పనిసరి. మీ మాన్యువల్ వేరే గంటల లెక్క చెబితే దాని మాటే వినండి. పాత ఫిల్టర్ కోసి చూపించమనండి. కొత్త ఇంజిన్‌లో సన్నటి మెరుపు రజను మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే వారంటీ కింద అప్పుడే రాయించండి.

వీలుంటే పాత ట్రాక్టర్‌ను అప్పుడే ఇచ్చేయకండి. కొత్తదానితో మీ పనిముట్లన్నీ ఒక్కోసారైనా తగిలించి, లేపి, తిప్పి చూసేదాకా ఆగండి. ఇచ్చే ముందు దాని టాప్ లింకు, పిన్నులు, బంపర్ బరువులు తీసి పక్కన పెట్టుకోండి. కొత్త బండికి సరిపోతే సరే, లేకపోయినా విడిగా అమ్ముడుపోతాయి.